అప్‌డేట్: మెర్జర్‌ఎఫ్ఎస్ పూల్‌లో "స్పేస్ లేదు" సమస్య తీరింది

పోయిన వారం అడిగాను కదా, మా ఎంవీపీ కాలనీ ఇంట్లో మూడు హార్డ్ డిస్కుల్ని మెర్జర్‌ఎఫ్ఎస్‌తో (చాలా డిస్కుల్ని ఒకే పెద్ద ఫోల్డర్‌లా, అంటే పూల్‌లా, చూపించే లైనక్స్ ప్రోగ్రామ్) ఒకటిగా కలిపితే, 3 టీబీ ఖాళీ చూపిస్తూనే కాపీ మధ్యలో "స్పేస్ లేదు" అంటోందని. మీరు చెప్పిందే నిజం. తప్పు డిస్కులది కాదు, పాలసీది, అంటే కొత్త ఫైల్ ఏ డిస్కుకి వెళ్లాలో చెప్పే సెట్టింగ్‌ది.

నేను పెట్టింది ఈపీఎంఎఫ్ఎస్ అనే పాలసీ. అది కొత్త ఫైల్‌ని ఆ ఫోల్డర్ ముందే ఉన్న డిస్కులోనే పెడుతుంది. మా "పెళ్లి వీడియోలు" ఫోల్డర్ ఒక్క డిస్కులోనే ఉంది, అది నిండిపోయింది. మిగతా రెండింటి వైపు అసలు చూడనే లేదు! ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (డిస్కుల్ని ఎలా జోడించాలో రాసి ఉండే ఫైల్) ఈ క్రియేట్ పాలసీని ఎంఎఫ్ఎస్‌గా (ఖాళీ ఎక్కువున్న డిస్కుని ఎంచుకునేది) మార్చి, పూల్‌ని అన్‌మౌంట్ చేసి (సిస్టమ్ నుంచి విడదీసి) మళ్లీ మౌంట్ చేశాను. రాత్రి అక్క పెళ్లి వీడియో, 62 జీబీ, ఒక్క ఎర్రర్ లేకుండా ఎక్కింది. వారం రోజుల టెన్షన్ పోయింది.

పాత ఫైళ్లు మాత్రం వాటంతట అవి సర్దుకోవు, కొత్తవే ఖాళీ ఎక్కువున్న డిస్కుకి వెళ్తాయి.

ఒక డిస్కు ఊడదీసి లైనక్స్ ల్యాప్‌టాప్‌కి పెట్టి చూశాను. ఫైళ్లన్నీ ముక్కలు కాకుండా మామూలుగా తెరుచుకున్నాయి. నాకు బాగా నచ్చింది ఇదే. అయినా ఇది బ్యాకప్ కాదు, డిస్కు పోతే అందులోవి పోతాయి. అందుకే ఇంకో కాపీ గాజువాకలో పిన్ని వాళ్లింట్లో పెట్టాను.

అందరికీ చాలా థాంక్స్.