అప్లికేషన్ ఎగ్జామినర్‌కి "కేటాయించారు" అనాలా, "అప్పగించారు" అనాలా?

అడిగింది:
అన్నలూ అక్కలూ, పేటెంట్ల మీద ఇంజనీరింగ్ పిల్లల కోసం తెలుగులో ఒక చిన్న బుక్‌లెట్ రాస్తున్నా. పేటెంట్ ఆఫీసులో అప్లికేషన్ని పరిశీలించే ఉద్యోగికి, అంటే ఎగ్జామినర్‌కి, అసైన్ చేస్తారు కదా, అక్కడ "కేటాయిస్తారు" అని రాశా, మా సార్ కొట్టేసి "బదలాయిస్తారు" అని పెట్టారు. నాకు రెండూ అతకట్లేదు. ఆ పనిలో ఉన్నవాళ్ళు ఏమంటారు? రివ్యూ అన్నచోటల్లా "సమీక్ష" అనేస్తే సరిపోతుందా?

జవాబు:
తమ్ముడూ, బదలాయింపు మాత్రం పెట్టకు. పేటెంట్ చట్టంలో అసైన్‌మెంట్ అంటే హక్కుదారు తన హక్కుని కంపెనీకో ఇంకెవరికో రాసిచ్చెయ్యడం, 1970 చట్టం 68వ సెక్షన్ ప్రకారం అది కాగితం మీద ఉండాలి, ఫారం 16 వేసి రిజిస్టర్లో ఎక్కించుకోవాలి, బదలాయింపు అన్న మాట దానికే ఉంచాలి. "అప్లికేషన్ ఎగ్జామినర్‌కి బదలాయించారు" అని రాస్తే కనిపెట్టినాయన తన హక్కు ఆఫీసు ఉద్యోగికి రాసిచ్చాడని చదువుతారు.

కేటాయింపు తప్పు అనను గానీ నాకూ నచ్చదు. నిధులు, ఇళ్ళ స్థలాలు, సీట్లు కేటాయిస్తారు, అందులో పుచ్చుకున్నవాడికి ఏదో దక్కినట్టు ఉంటుంది. ఇక్కడ దక్కేది పని, దాని వెనకాలే గడువు. అసలు జరిగేది చెప్తా చూడు.

అప్లికేషన్ వేసినంత మాత్రాన అది ఎవరి టేబుల్ మీదకీ పోదు. మామూలుగా 18 నెలలకి పేటెంట్ ఆఫీసు జర్నల్లో పబ్లిష్ అవుతుంది, అప్పుడు కూడా ఎగ్జామినర్ దాన్ని ముట్టుకోడు. దీన్ని ఎగ్జామిన్ చెయ్యండి అని ఫారం 18 విడిగా, ఫీజు కట్టి వెయ్యాలి. ఇదివరకు 48 నెలలు టైం ఉండేది, 2024 మార్చి 15 నుంచి వేసిన అప్లికేషన్లకి అది 31 నెలలే, ఆలోపు వెయ్యకపోతే అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టే లెక్క. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే క్యూ నడిచేది ఈ రిక్వెస్ట్ పడిన వరసలో, అప్లికేషన్ వేసిన వరసలో కాదు. నువ్వు ముందేడాదే అప్లికేషన్ వేసి ఫారం 18 ఆలస్యం చేస్తే నీ వెనక వచ్చినవాడు నీకంటే ముందు ఎగ్జామినర్ దగ్గరికి పోతాడు. స్టార్టప్‌లు, మహిళా దరఖాస్తుదారులు లాంటివాళ్ళకి ఫారం 18ఎ ఉంది, వాళ్ళ క్యూ వేరు. నీ బుక్‌లెట్లో ఇది తప్పకుండా పెట్టు, మాట ఏదైనా పర్లేదు గానీ ఈ వరస తెలియక నష్టపోయేవాళ్ళు చాలామంది.

ఆ తర్వాత సబ్జెక్ట్ చూస్తారు. ప్రతి సబ్జెక్ట్‌కీ ఒక కోడ్ ఉంటుంది, కొత్త ట్యాబ్లెట్ ఫార్ములా అయితే ఎ61కె క్లాస్ పడుతుంది, ఫార్మా వాళ్ళకి పోతుంది. ఆసు పోసే యంత్రం లాంటిదైతే డి సెక్షన్, అంటే టెక్స్‌టైల్స్. మన ఏపీ, తెలంగాణ వాళ్ళ అప్లికేషన్లు చెన్నై ఆఫీసు కిందకి వస్తాయి, అయినా చూసేది చెన్నై ఎగ్జామినరే అవ్వాలని లేదు, సిస్టమే గ్రూపుని బట్టి కోల్‌కతా, ఢిల్లీ, ముంబై, చెన్నైల్లో ఎవరో ఒకరికి వేసేస్తుంది.

ఇంక 12వ సెక్షన్ చూస్తే అందులో ఉన్నది కంట్రోలర్, అంటే పేటెంట్ ఆఫీసులో నిర్ణయం తీసుకునే అధికారి, అప్లికేషన్ని రిపోర్ట్ కోసం ఎగ్జామినర్‌కి పంపాలి అనే. ఎగ్జామినర్ మామూలుగా నెలలో, ఎంత లేటైనా 3 నెలల్లో రిపోర్ట్ రాసి కంట్రోలర్‌కి ఇచ్చెయ్యాలి. ఇచ్చినవాడికి లెక్క చెప్పాల్సిన పని కాబట్టి "అప్పగించారు" అన్నదే కుదురుతుంది. మొత్తం అప్లికేషన్లని అందరికీ పంచడం గురించి అయితే "పని పంపకం" అను. ఆఫీసుల్లో నోటితో అయితే "ఫైల్ ఆయనకి మార్క్ అయింది" అంటాం, పిల్లలకి అదీ తెలియాలి.

మరొకరు:
అన్నా, అప్పగింతలంటే పెళ్లి యాదికొస్తది కదా. మా దిక్కు "అప్పజెప్పుడు" అంటం, అది పనికి మంచిగ సరిపోతది.

జవాబు:
అప్పజెప్పడం బాగుంది అన్నా, ఇంకా బలంగా ఉంది. కానీ అప్పగించడానికి భయపడక్కర్లేదు, పెళ్లిలో ఎప్పుడూ బహువచనమే, అప్పగింతలు. ఛార్జ్ అప్పగించారు, బాధ్యత అప్పగించారు అని రోజూ పేపర్లో చదువుతూనే ఉన్నాం.

ఇక రివ్యూ. సమీక్ష అనగానే జనానికి ముఖ్యమంత్రి సమీక్షా సమావేశమో పుస్తక సమీక్షో తడుతుంది. పైగా ఇక్కడ వేరు వేరు పనులున్నాయి, అన్నిటికీ ఒకే మాట వేస్తే ఏది ఎవరి దగ్గరికి పోతుందో తెలియదు. ఫారం 18తో జరిగేది మొదటిసారి చూడటం, పరిశీలన అను చాలు, పరీక్ష అంటే హాల్ టికెట్ గుర్తొస్తుంది. ఎగ్జామినర్ని మాత్రం ఎగ్జామినర్ అనే ఉంచు, పరిశీలకుడు అంటే ఎలక్షన్ పరిశీలకుడే జనాల బుర్రలో ఉన్నాడు. కంట్రోలర్ తన నిర్ణయాన్ని తానే మళ్ళీ చూసుకునే అధికారం 77వ సెక్షన్లో ఉంది, నెలలోపు ఫారం 24 వెయ్యాలి, అదీ అసలైన రివ్యూ, దానికి పునఃసమీక్ష. పేటెంట్ ఇచ్చాక ఏడాదిలోపు ఎవరైనా వ్యతిరేకిస్తే అది ఆక్షేపణ, 25వ సెక్షన్, ముగ్గురు సభ్యుల బోర్డుకి పోతుంది, అంతకుముందు ఆ అప్లికేషన్ చూసిన ఎగ్జామినర్ ఆ బోర్డులో కూర్చోకూడదని 56వ రూల్. నాకు చాలా ఇష్టమైన రూల్ ఇది. అమెరికాలో ఎక్స్ పార్టే రీఎగ్జామినేషన్‌కీ, అంటే ఇచ్చేసిన పేటెంట్‌ని మళ్ళీ పరిశీలించడానికీ, అంతే, దానికోసం విడిగా ఒక యూనిట్ ఉంది, మామూలుగా పాత ఎగ్జామినర్‌కి ఇవ్వరు. అది పునఃపరిశీలన.

అడిగింది:
చాలా థాంక్స్ అన్నా. ఇలా మార్చా చూడండి: "పరిశీలన కోరుతూ వచ్చిన అభ్యర్థనల వరసలో కంట్రోలర్ దరఖాస్తును ఆ సబ్జెక్ట్ ఎగ్జామినర్‌కు అప్పగిస్తారు. ఆయన పరిశీలించి పేటెంట్ ఇస్తారు."

జవాబు:
మొదటి వాక్యం భేష్. రెండోది మార్చాలి, ఎగ్జామినర్ రిపోర్ట్ మాత్రమే ఇస్తారు, పేటెంట్ ఇవ్వాలా వద్దా అన్నది కంట్రోలర్ తేలుస్తారు. "ఆయన" బదులు "వారు" పెట్టు, ఎగ్జామినర్లలో ఆడవాళ్ళూ ఉన్నారు కదా.