సమర్‌స్కైట్ అనే పేరుకు అర్థం ఏమిటి? సమరంతో సంబంధం ఉందా?

సైదాపురం అబ్బాయి:
అందరికీ నమస్కారం. మాది సైదాపురం పక్క పల్లె. మా తాత మైకా గనిలో పనిచేసేవాడు. మొన్న పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద గోనెసంచిలో మైకా రేకులతో పాటు ఒక నల్లరాయి దొరికింది. నిమ్మకాయంత ఉంది గానీ చేతిలోకి తీసుకుంటే భలే బరువు. విరిగినచోట గాజులా మెరుస్తోంది. మా పెదనాయన చూసి "ఇది సమర్‌స్కైట్ రా" అన్నాడు. ఆ పేరుకు అర్థం ఏమిటి? ఆయుధాల తయారీలో వాడతారు కాబట్టి 'సమరం' నుంచి వచ్చిందని వాట్సాప్‌లో ఒకాయన చెప్పాడు. నిజమేనా?

కలువాయి రైతు:
సమేరియం అనే లోహం ఉంటుంది కాబట్టి సమర్‌స్కైట్ అన్నారు. మాగ్నెట్లకు వాడతారు. మంచి రేటు ఉంటుంది, జాగ్రత్తగా దాచిపెట్టుకో తమ్ముడూ.

పొదలకూరు కెమిస్ట్రీ మాస్టారు:
బాబూ, సమరానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది ఒక మనిషి పేరు. వసీలీ సమర్‌స్కీ అని రష్యా గనుల ఇంజనీర్ల దళంలో పెద్ద అధికారి. ఉరల్ పర్వతాల దగ్గర ఇల్మెన్ కొండల్లో దొరికిన ఈ ఖనిజాన్ని జర్మనీ శాస్త్రవేత్త గుస్తావ్ రోజ్ 1839లో వర్ణించి 'యురానోటాంటలం' అన్నాడు. అందులో ఉన్నది టాంటలం అనే లోహం కాదు, ముఖ్యంగా నియోబియం అనే ఇంకో లోహమని 1847లో ఆయన అన్న హైన్రిక్ రోజ్ తేల్చాడు. అప్పుడు పాత పేరు తప్పయింది. పరీక్షలకు నమూనాలు ఇప్పించిన సమర్‌స్కీ పేరు పెట్టారు.

కలువాయి అన్నగారు చెప్పింది తిరగేసి చూడాలి. లోహం పేరు నుంచి రాయికి పేరు రాలేదు, రాయి పేరు నుంచే లోహానికి వచ్చింది. ఫ్రాన్సు రసాయన శాస్త్రవేత్త లెకాక్ ద బువాబోద్రాన్ 1879లో ఈ ఖనిజంలోంచే ఒక కొత్త మూలకాన్ని గుర్తించి సమేరియం అన్నాడు. అట్లా ఒక గనుల అధికారి పేరు మూలకాల పట్టికలో 62వ గడిలోకి చేరింది. అంతకుముందు ఏ మూలకానికీ నిజంగా బతికిన మనిషి పేరు చేరలేదు. నాకు ఈ కథంటే ప్రాణం. క్లాసులో ఎప్పుడు చెప్పినా వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తి వినేవాళ్లు.

ఇంకో సంగతి. సమర్‌స్కైట్‌లో సమేరియం ఉండేది కొంచెమే. ఎక్కువగా ఉండేవి నియోబియం, ఇట్రియం, ఇనుము, యురేనియం. సమేరియం కావాలంటే మోనజైట్, బాస్ట్నసైట్ లాంటి ఖనిజాల్లోంచి తీస్తారు. కాబట్టి పేరు చూసి రేటు లెక్క వేసుకోవద్దు.

పుస్తకాల్లో పేరు చివర 'వై' అని బ్రాకెట్లో కనిపిస్తుంది. అందులోని అరుదైన మృత్తికా లోహాల్లో (రేర్ ఎర్త్స్) ఇట్రియం ఎక్కువని దానర్థం. ఇటెర్బియం ఎక్కువుంటే 'వైబీ' అని రాస్తారు. ల్యాబ్‌లో విశ్లేషణ చేయకుండా ఆ అక్షరం తగిలించకూడదు.

గూడూరు ఆడపడుచు:
మాస్టారూ, మా అమ్మ మైకా రేకులు ఒలిచే పనికి పోయేది. కొన్ని రేకుల మధ్య నల్లమచ్చలు ఉండేవి, వాటికి రేటు తక్కువ. అవి కూడా ఇదేనా?

పొదలకూరు కెమిస్ట్రీ మాస్టారు:
కాదమ్మా, అవి చాలావరకు ఇనుము ఆక్సైడ్ మచ్చలు. సమర్‌స్కైట్ గడ్డగా ఉంటుంది, చుట్టూ పలుగురాయో ఫెల్స్పార్ అనే రాయో అంటుకుని ఉంటుంది. గడ్డలోని యురేనియం నుంచి వచ్చే రేడియేషన్ తగిలి ఆ పలుగురాయి పొగచూరినట్టు నల్లబడుతుంది, ఫెల్స్పార్‌లో గడ్డ చుట్టూ బీటలు నలువైపులా పాకుతాయి. మన ప్రాంతంలో నల్ల టూర్మలిన్ కూడా బోలెడు దొరుకుతుంది గానీ అది తేలిక, పొడుగ్గా గీతలు గీతలుగా ఉంటుంది. సమర్‌స్కైట్ అంతే సైజు పలుగురాయికి రెట్టింపు బరువు తూగుతుంది.

సైదాపురం అబ్బాయి:
సార్, రేడియేషన్ అంటే టెన్షన్‌గా ఉంది. పిల్లలు కూడా పట్టుకున్నారు. ఒక అంచున కొంచెం తెల్లరాయి అంటుకుని ఉంది, అది నిజంగానే పొగ రంగులో ఉంది.

పొదలకూరు కెమిస్ట్రీ మాస్టారు:
కాసేపు పట్టుకున్నందుకు కంగారు పడొద్దు. పగలగొట్టొద్దు, అరగదీయొద్దు, ఆ దుమ్ము లోపలికి పోవడమే ప్రమాదం. చేతులు కడుక్కోండి. మూత ఉన్న డబ్బాలో పెట్టి, మనుషులు పడుకునే గదిలో కాకుండా బయట కొట్టంలో ఉంచు. అమ్మకానికి మాత్రం పెట్టొద్దు. యురేనియం ఉన్న ఖనిజాలు అణు ఖనిజాల కిందికి వస్తాయి, చట్టం ఒప్పుకోదు. హైదరాబాద్ బేగంపేటలో అణు ఖనిజ సంచాలనాలయం ఉంది, వాళ్లకు ఫోటోతో ఉత్తరం రాయి.

డబ్బా మీద అప్పుడే సమర్‌స్కైట్ అని రాసేయకు. ఇలాంటి రాళ్లలో సొంత రేడియేషన్ వల్లే లోపలి అమరిక చెదిరిపోయి ఉంటుంది, ఎక్స్‌రే పరీక్షకు కూడా మామూలుగా అందదు. వేడిచేసి చూడాలి, రసాయన విశ్లేషణ చేయాలి. ప్రస్తుతానికి 'బరువైన నల్ల ఖనిజం' అని రాసి, దాని కింద తాతగారు పనిచేసిన గని పేరు, ఊరు పేరు తప్పకుండా రాయి. ఊరు తెలియని రాయి పరిశోధకులకు పెద్దగా అక్కరకు రాదు. ఆ గని పేరు పెదనాయనకు గుర్తుండగానే అడుగు.

సైదాపురం అబ్బాయి:
సరే సార్, సాయంత్రం అడిగి రాస్తాను.