ట్రీ ఇటరేషన్ టెస్టులన్నీ పాస్, అయినా లూప్ నడిచాక కీలు మాయం. టెస్టులో ఏం తప్పింది?

పాయింటర్_పిచ్చి (ప్రశ్న)

సీ భాషలో చిన్న రెడ్-బ్లాక్ ట్రీ (నోడ్‌లకు ఎరుపు, నలుపు రంగులిచ్చి ఎత్తును అదుపులో ఉంచే ట్రీ) లైబ్రరీ. నోడ్‌లో ఎడమ, కుడి, పేరెంట్ పాయింటర్లు, రంగు, 8 బైట్ల కీ, వాల్యూ పాయింటర్, ఈ వరసలోనే ఉంటాయి. మాలోక్‌తో (మెమరీ అడిగే సీ ఫంక్షన్) 64 నోడ్‌ల చొప్పున తెచ్చుకునే సొంత పూల్ ఉంది. ఫ్రీ చేసిన నోడ్ మొదటి 8 బైట్లలోనే ఫ్రీలిస్ట్ (మళ్లీ ఇవ్వడానికి ఉన్న నోడ్‌ల జాబితా) లింకు రాస్తాను. ఇటరేషన్‌కి ఫస్ట్, నెక్స్ట్, లాస్ట్, ప్రీవ్, వాటి మీద ఒక సేఫ్ ఫర్‌ఈచ్ మాక్రో. అది బాడీలోకి వెళ్లకముందే తర్వాతి నోడ్‌ని దాచుకుంటుంది కాబట్టి బాడీలో ప్రస్తుత నోడ్‌ని తీసేయొచ్చు.

టెస్టు ఇలా: 1 నుంచి 1000 దాకా ఇన్సర్ట్, ముందుకు, వెనక్కి తిరిగి లెక్కా క్రమమూ చూడటం, చివర్లో సేఫ్ లూప్‌తో అన్నీ తీసేసి ట్రీ ఖాళీ అయిందా అని అసర్ట్. అన్నీ పాస్. అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) కూడా కిక్కురుమనలేదు. అసలు ప్రోగ్రామ్‌లో గడువు తీరిన ఎంట్రీలను మాత్రమే ఏరి తీసే లూప్ ఉంది. అది నడిచాక తీయని కీలు పోతున్నాయి, తీసిన కీలు ఇంకా ఉంటున్నాయి. ఇద్దరు పిల్లలున్న నోడ్‌ని తీయాలంటే సక్సెసర్ (క్రమంలో దాని తర్వాతి నోడ్) కీ, వాల్యూ పైకి కాపీ చేసి సక్సెసర్ నోడ్‌ని ఫ్రీ చేస్తున్నా.

ఎడమ_కొమ్మ

మీ చివరి వాక్యంలోనే బగ్ ఉంది, మీ టెస్టు దాన్ని ఎప్పటికీ పట్టుకోలేదు. చిన్న కీ నుంచి మొదలుపెట్టి అన్నీ తీసేస్తుంటే, ప్రతిసారీ తీసేది ట్రీలో అన్నిటికంటే చిన్న నోడ్. దానికి ఎడమ బిడ్డ ఉండదు. అంటే ఇద్దరు పిల్లల దారిలోకి డిలీట్ ఒక్కసారి కూడా వెళ్లదు. 1000 కాదు, పది లక్షలు పెట్టినా అంతే.

ఏరి తీసేటప్పుడు ఏమవుతుందో 50, 30, 70, 60, 80 ఇన్సర్ట్ చేసి కాగితం మీద చూడండి. రూట్ 50, దాని పిల్లలు 30, 70 నలుపు, 70 కింద 60, 80 ఎరుపు. 50, 60 తీయాలి అనుకుందాం, ఫ్రీలిస్ట్ ఖాళీగా ఉందనుకుందాం.

లూప్ 50 దగ్గర ఉన్నప్పుడు దాచుకున్నది 60 నోడ్ చిరునామా. డిలీట్ 60ని పైకి కాపీ చేసి సరిగ్గా ఆ నోడ్‌నే ఫ్రీ చేసింది. ఇద్దరు పిల్లలున్న నోడ్‌కి సక్సెసర్, ఇటరేటర్ దాచుకున్న నెక్స్ట్ ఎప్పుడూ ఒకటే, కాబట్టి ఇది అదృష్టం మీద ఆధారపడే బగ్ కాదు, ప్రతిసారీ జరుగుతుంది. ఇప్పుడు లూప్ ఫ్రీ అయిన నోడ్ మీదికి వెళ్తుంది. అందులో కీ 60 ఇంకా చెరగలేదు, పేరెంట్ ఇంకా 70నే చూపిస్తోంది. సరే అని మళ్లీ డిలీట్. "నేను పేరెంట్‌కి ఎడమ బిడ్డనా?" అని అడిగితే 70 ఎడమ పక్కన ఇప్పుడు నల్ (ఖాళీ పాయింటర్). కాదన్నమాట, అయితే కుడి అనుకుని 70 కుడి లింకులో నల్ రాస్తుంది. 80 గల్లంతు. పైకి కాపీ అయిన 60 మాత్రం రూట్‌లో దర్జాగా కూర్చుంది.

ఇంకో కొసరు: అదే నోడ్ ఫ్రీలిస్ట్‌లోకి రెండోసారి చేరింది, దాని లింకు దాన్నే చూపిస్తుంది. ఇక మీదట ప్రతి ఇన్సర్ట్‌కీ పూల్ అదే చిరునామా ఇస్తూ పోతుంది.

బిట్‌మాస్క్

సక్సెసర్ బదులు ప్రెడిసెసర్‌ని (క్రమంలో ముందున్న నోడ్‌ని) కాపీ చేస్తే ముందుకు వెళ్లే లూప్ బాగుపడుతుంది కదా, రెండు లైన్ల మార్పు.

ఎడమ_కొమ్మ

బాగుపడదు, బగ్ చోటు మారుతుంది. వెనక్కి తిరిగే సేఫ్ లూప్ అచ్చం ఇలాగే చెడిపోతుంది. పైగా ఇన్సర్ట్ ఇచ్చిన నోడ్ పాయింటర్‌ని బయట ఎవరైనా దాచుకుంటే అదీ చెల్లదు. డేటా కదపకండి, నోడ్‌నే తెచ్చి ఆ స్థానంలో లింకు చేయండి. లినక్స్ కెర్నల్ ట్రీ చేసేదీ అదే.

అలా మార్చేటప్పుడు ఒక గుంత ఉంది. సక్సెసర్ నేరుగా కుడి బిడ్డే అయితే, రంగులు సరిచేసే పని మొదలవ్వాల్సిన పేరెంట్ ఆ సక్సెసరే, తీసేసిన నోడ్ కాదు. 2, 1, 3 పెట్టి 2 తీస్తే ఇది బయటపడదు. అక్కడ 3 ఎరుపు, రంగులు సరిచేసే పనే పడదు. 3, 2, 4, 1 ఇన్సర్ట్ చేసి లూప్‌లో 1, 3 తీయండి. అప్పుడు 4 నలుపు, ఆకు, నేరుగా కుడి బిడ్డ. తప్పు రాస్తే ట్రీ నుంచి ఊడిపోయిన నోడ్ దగ్గర్నుంచి పని మొదలవుతుంది.

కవరేజ్_కాపలా

ఇలా ఒక్కో కేసూ తలచుకుని రాసుకుంటూ పోతే తెమలదు. చిన్న సైజుల్లో అన్నీ తిప్పేయండి. 7 కీలకు ఇన్సర్ట్ వరసలు 5040, ఏవి తీయాలో చెప్పే మాస్క్‌లు 128, మొత్తం 6,45,120 కేసులు. ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి నడిపినా యంత్రానికి అది లెక్కలోది కాదు. 0 నుంచి 6 కీల దాకా కూడా కలుపుకోండి, ఖాళీ ట్రీలో ఫస్ట్ నల్ ఇస్తుందా అన్నది చాలామంది మరిచేదే.

ప్రతి కేసులో లూప్ నడుస్తున్నప్పుడు ప్రతి కీ ఒక్కసారే, క్రమంలో రావాలి. అయ్యాక మిగిలినవి మాస్క్‌కి సరిపోవాలి, పిల్లల పేరెంట్ లింకులు, ఎరుపు కింద ఎరుపు లేకపోవడం, నలుపు ఎత్తు (ప్రతి దారిలో నలుపు నోడ్‌ల సంఖ్య సమానమా అన్నది) చూడాలి. నెక్స్ట్ వేసి ప్రీవ్ వేస్తే మొదటి చోటికే రావాలి.

ముఖ్యమైనది: కీలు మాత్రమే పోల్చకండి. మీ పాత కోడ్‌లో ఆ 50, 30, 70, 60, 80 పెట్టి 50 ఒక్కటే తీస్తే, లూప్‌లో 30, 50, 60, 70, 80 చక్కగా కనబడతాయి, ట్రీలో 30, 60, 70, 80 మిగులుతాయి. టెస్టు పాస్! ఇన్సర్ట్ ఇచ్చిన చిరునామాలను ఒక శ్రేణిలో ఉంచుకుని, మిగిలిన ప్రతి కీ అదే చిరునామాలో ఉందా అని చూస్తే అక్కడే పట్టుబడుతుంది.

లూప్‌లో అడుగులు లెక్కపెట్టి, కీల సంఖ్య దాటగానే ఫెయిల్ చేయండి. పేరెంట్ లింకు చెడితే నెక్స్ట్ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, టెస్టు ఫెయిల్ అవ్వదు, వేలాడుతుంది.

పాయింటర్_పిచ్చి

చిరునామా పోలిక పెట్టగానే 3 కీల దగ్గరే ఫెయిల్ అయింది. మరి శానిటైజర్ ఎందుకు ఊరుకుంది? ఏరి తీసే లూప్‌ని దాని కింద నడిపినా ఏమీ అనలేదు.

బిట్‌మాస్క్

దాని దృష్టిలో మీరు ఏదీ ఫ్రీ చేయలేదు. మాలోక్‌తో తెచ్చిన 64 నోడ్‌ల ముక్క బతికే ఉంది, లోపల మీ పూల్ ఏం పంచుకుంటుందో దానికి తెలియదు. టెస్టు బిల్డ్‌లో పూల్ పక్కన పెట్టి నేరుగా మాలోక్, ఫ్రీ వాడటం సులువు. పూల్‌నే పరీక్షించాలంటే ఫ్రీ చేసే చోట నోడ్ మొత్తాన్ని శానిటైజర్ పాయిజన్ మాక్రోతో మూసేసి, మళ్లీ ఇచ్చేటప్పుడు తెరవండి. ఫ్రీలిస్ట్ లింకు చదివే ముందు కూడా తెరవాలి, లేదంటే మీ పూల్ మీదే అరుస్తుంది. 64 బిట్ల యంత్రం మీద మీ నోడ్ 48 బైట్లు, శానిటైజర్ నీడ లెక్క (ఏ మెమరీ వాడొచ్చో అది గుర్తుపెట్టుకునేది) 8 బైట్ల చొప్పున, కాబట్టి పక్క నోడ్‌కి ఇబ్బంది రాదు. టెస్టులో ఫ్రీ చేసిన నోడ్‌ని ఫ్రీలిస్ట్ చివర చేర్చండి. ఇప్పుడే ఫ్రీ అయిన నోడ్‌ని వెంటనే తిరిగి ఇస్తే పాత పాయింటర్ తప్పు కప్పుకుపోతుంది.

కవరేజ్_కాపలా

రెండు చిన్న మాటలు. సీమేక్‌లో (బిల్డ్ సాధనం) రెల్‌విత్‌డెబ్‌ఇన్ఫో బిల్డ్ ఎన్‌డీబగ్‌ని (అసర్ట్‌లను ఆపేసే మాక్రో) పెట్టేస్తుంది, అసర్ట్‌లన్నీ మాయమై టెస్టు ఊరికే పాస్ అవుతుంది. టెస్టులకు సొంత చెక్ మాక్రో రాసుకోండి. రెండోది, జీకవ్‌ని (ఏ కోడ్ ఎన్నిసార్లు నడిచిందో చెప్పే సాధనం) బ్రాంచ్ లెక్కతో నడిపి డిలీట్ ఫంక్షన్ చూడండి. మీ 1000 కీల టెస్టు కింద ఇద్దరు పిల్లల కొమ్మ పక్కన సున్నా కనబడుతుంది. 7 కీలతో ఏ కొమ్మ అయినా ఇంకా సున్నాగా మిగిలితే 8కి పెంచండి, 40,320 వరసలు, 256 మాస్క్‌లు, కోటి మూడు లక్షల కేసులు. అది ప్రతి కమిట్‌కీ వద్దు, రాత్రి బిల్డ్‌లో వేయండి.