కాలిన కొండ మీద జూన్ 5న మొక్కల పండగ: చేద్దామా, ఆపుదామా?

దుర్గంనీడ:
ఉదయగిరి పక్కన, వెలిగొండల కింద ఊరు మాది. మార్చి నెలాఖరులో మా కొండ మూడు రాత్రులు కాలింది. మనుషులకేం కాలేదు. కొండవార రెండు కొట్టాలు, ఒక గడ్డివామి, ఒకాయన నిమ్మతోటలో చివరి వరస పోయినాయి. ఇప్పుడు మా కుర్రోళ్ళు జూన్ 5, పర్యావరణ దినోత్సవం నాడు అదే కొండ మీద రెండు వేల మొక్కలు నాటాలంటున్నారు. పిలకాయలతో ఊరేగింపు, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం పాటకచేరీ. చందా రసీదు పుస్తకాలు కూడా వచ్చేసినాయి. నాకు మనసొప్పడం లేదు. వద్దంటే "నువ్వెప్పుడూ అడ్డమే" అంటారు. తప్పు నాదేనా, చెప్పండి.

కమిటీకుర్రోడు:
అన్నా, ఊళ్ళో అడగాల్సింది ఇక్కడ అడిగావు, సరే, ఇక్కడే చెప్తా. ఆ మూడు రాత్రులు పచ్చికొమ్మలు విరిచి మంట మీద కొట్టినోళ్ళలో నేనొకణ్ణి. రెండో రాత్రి గాలి తిరిగింది. మా అమ్మ చెల్లిని చంకనేసుకుని, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం చీరకొంగులో మూటగట్టుకుని రోడ్డు మీద నిలబడింది. ఆ రోజు నుంచి మా చెల్లి కొండవైపు కిటికీ తెరవనీదు. కాలిఫోర్నియాలో ప్యారడైజ్ అనే ఊరు 2018 నవంబరులో కార్చిచ్చుకు ఇంచుమించు మొత్తం తగలబడింది, 85 మంది పోయారు. అలాంటి చోట కూడా మిగిలినోళ్ళు ఒకచోట కూడితేనే కదా ఊరు మళ్ళీ ఊరైంది. నేను పండగ అనేది మొక్కల కోసం కాదు. ఊరంతా ఒకసారి భయం లేకుండా ఆ కొండెక్కి దిగాలి, అంతే.

నర్సరీతాత:
అబ్బయ్యా, నీ మాటలో న్యాయముంది, నీ తేదీలో లేదు. నలభై ఏళ్ళుగా కవర్లలో మట్టి నింపుతున్నోణ్ణి, చెప్తా విను. జూన్ 5 మన వాన చూసి పెట్టిన తేదీ కాదు. 1972లో స్వీడన్‌లో స్టాక్‌హోం సభ మొదలైన రోజది. జులైలో వనమహోత్సవమంటావా, 1950లో కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టింది. ఢిల్లీలో జులై అంటే వాన. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా వచ్చేది ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్ మొదట్లో మన దగ్గరుండేది రోహిణి ఎండ. ఆ ఎండకు మొన్నటిదాకా షేడ్ నెట్ కింద పెరిగిన వేపమొక్కను తీసుకెళ్ళి బూడిద పట్టిన రాతినేలలో పెడితే, వేరు నేలను పట్టేలోపే ఆకు మాడిపోతుంది. బిందెలతో నీళ్ళు ఎవరు మోస్తారు? ఎన్నాళ్ళు మోస్తారు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేకుండా నా దగ్గరకొచ్చి మొక్కలు అడిగేవాళ్ళను ఏటా చూస్తున్నా. వాళ్ళకు ఫోటో బాగా వస్తుంది.

ఇంకోటి. ఎర్రచందనం, తునికి, ఇలాంటివి కాలితే చావవు. పైన మాడినా మొదట్లోంచి పిలకలేస్తాయి. నిన్న మీ కొండకింద బాటలో ఆగి చూశా. నల్లగా మాడిన ఒక మొద్దు చుట్టూ బెత్తెడు పొడుగున నాలుగు ఎర్ర చిగుళ్ళు. పోయిన వారం గాలివానకు లేచినట్టుంది. రెండొందల మంది పాటలు పాడుకుంటా ఆ చిగుళ్ళ మీద నడిచి, పక్కన గుంట తీసి కానుగ మొక్క పెడతారన్నమాట!

బోదగడ్డి:
ఇంకా ఎవరూ అనలేదు గానీ, రెండు పోస్టులు పోతే "మేకలోళ్ళే అంటించారు" అని వస్తుంది. అందుకే ముందే రాస్తున్నా. మా ఇంట్లో నలభై మేకలున్నాయి. కొత్తగడ్డి లేస్తుందని నిప్పు పెట్టేవాళ్ళు మాలో లేరని చెప్పను. మా తాతల కాలంలో అదే పద్ధతి. కానీ తేనె కోసం పొగపెట్టేవాళ్ళు, రాత్రిళ్ళు కుందేళ్ళకు పోయేవాళ్ళు, ఘాట్ రోడ్డులో బండి ఆపి సిగరెట్టు విసిరేవాళ్ళు, వీళ్ళందరూ మరుగున పడిపోయి చివరికి మేకలోడే మిగులుతాడు. నా భయం వేరే. మొక్కలు నాటితే మరుసటి రోజు "మేకలు రాకూడదు" అని బోర్డు పెడతారు. మేకలు రాకపోతే బోద, అదే కొండగడ్డి, నడుమెత్తు పెరిగి జనవరికల్లా ఎండుతుంది. ఆ ఎండుబోద పెట్రోలుతో సమానం. మీ పండగే వచ్చే ఏడాది మంటకు మేత అవుతుంది.

దుర్గంనీడ:
మేకలు బోదతో పాటు నర్సరీతాత చూసిన ఆ ఎర్ర చిగుళ్ళు కూడా తింటాయి కదా మామా. కాలిన చోటికి రెండేళ్ళన్నా పోకుండా, బోద బలిసిన అవతలి వాలు మీద మేపుకుంటే మీకు అభ్యంతరమా?

బోదగడ్డి:
అవతలి వాలులో నీళ్ళు లేవు. తొట్టి ఒకటి కట్టించమను, పోతాం. పాటకచేరీ ఖర్చులో సగం పడుతుందేమో.

మంటకాపలా:
నేను వేసవిలో ఫైర్ వాచర్‌గా, అంటే అడవి మంటలకు కాపలాగా, పనిచేస్తా. యానాదుల కాలనీ మాది. ఇక్కడ అందరూ జూన్ గురించి మాట్లాడుతున్నారు, కొండ కాలింది మార్చిలో. మాకు మంట కబురు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి డెహ్రాడూన్ ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి ఉపగ్రహం చూసి పంపే మెసేజ్. ఎవరైనా నంబరు నమోదు చేసుకోవచ్చు, ఊళ్ళో పదిమంది చేసుకోండి. కానీ ఉపగ్రహం అస్తమానం మన నెత్తిన ఉండదు, రోజుకు కొన్నిసార్లే దాటుతుంది. అది చూసే చుక్క 375 మీటర్ల చదరం. చుట్ట నిప్పంత ఉన్నప్పుడు దానికి కనపడదు. రెండోది మనిషి కన్ను. ఆ రాత్రి మొదట చూసింది పొలానికి నీళ్ళు కట్టడానికి పోయిన ఒక ముసలాయన. చెప్పడానికి ఆయన ఫోన్‌లో ఎవరి నంబరూ లేదు. నడిచొచ్చి చెప్పేసరికి గంట పోయింది.

మంటను ఆపేది ఫైర్ లైను. గడ్డీ కంపా చెక్కి, రాలిన ఆకు ఊడ్చి, నేల కనపడేలా చేసే బాట. మంట దాని దాకా వచ్చి తిండి లేక చస్తుంది. సంక్రాంతికల్లా చెక్కాలి, మళ్ళీ ఆకు రాలాక ఫిబ్రవరిలో ఒకసారి ఊడ్చాలి. మా కొండకు గీసిన లైను పోయినేడు ఒకసారి చెక్కి వదిలేశారు. మీద మోకాలెత్తు ఆకు. మంట ఒక్క అంగలో దాటేసింది, నేను అక్కడే ఉన్నా. మీ రెండొందల మందిలో ఇరవైమంది ఫిబ్రవరిలో ఒక్క పూట చీపురు, కొడవలి పట్టుకుని వస్తే చాలు. పండగంటే ఎంతమందైనా వస్తారు. లైను చెక్కుదామంటే నలుగురం, అందులో ఇద్దరం కూలికి.

గరిటెలపని:
మాది చెక్క గరిటెలు చేసే ఇల్లు. ఉదయగిరి గరిటెలకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకేనన్న ముద్ర, ఉందని అందరూ గొప్పగా చెప్తారు, ఆ చెక్క కొండ మీద నుంచే రావాలని ఎవరికీ గుర్తుండదు. నర్ది, బిక్కి కర్రలు. నర్సరీల్లో అమ్మరు. మీరు నాటే వేప, కానుగ, నేరేడు మంచి చెట్లే, వాటితో ఫోర్కు పళ్ళు చెక్కడం మా అత్తకు కుదరదు. మంట తర్వాత సగం కాలిన కర్రలు కొన్ని వచ్చాయి. పైకి బాగానే ఉన్నాయి, ఉలి పెడితే పెళుసుగా విరిగాయి. నాటేటట్టయితే కొండ మీద ఏముండేదో మమ్మల్ని, మంటకాపలా వాళ్ళని అడిగి, ఆ గింజలే ఏరి పెట్టండి. అయినా మొక్కలకంటే ముందు వాలుకు అడ్డంగా రాతికట్టలు పేర్చాలి. పోయిన వారం గాలివానకు మా వీధి చెరువు చూశారా? నీళ్ళు కాఫీ డికాక్షన్ రంగు. బిందె ముంచితే అడుగున నల్లటి బురద వేలెడు. చిన్న వానకే ఇలాగైతే కార్తీకంలో తుఫాను పడితే కొండ మన్నంతా చెరువులోనే.

నర్సరీతాత:
అమ్మాయి చెప్పింది అసలు మాట. ఉపాధి హామీలో కందకాలు, రాతికట్టలు పెట్టొచ్చు. మొక్కలకు ఎటూ కార్తీకం దాకా ఆగాలి. ఆ నెలలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు మనకు ఉన్నవే. నేల తడిగా ఉంటుంది, ఊరంతా ఎటూ కదులుతుంది. కొత్త పండగ ఎందుకు కనిపెట్టడం?

కమిటీకుర్రోడు:
ఒకటి ఒప్పుకుంటా. జూన్ 5కి బళ్ళు కూడా తెరవరని మాకు రసీదులు కొట్టించాక తెలిసింది, నవ్వకండి. కానీ కార్తీకమంటే అయిదు నెలలు. అప్పటికి ఈ వేడి ఉండదు, చందాలూ రావు. వచ్చినవి వినాయకచవితికి మళ్ళుతాయి, మన ఊరి సంగతి మీకు తెలీదా? అందుకే జూన్ 5న కొండ కింద మైదానంలో భోజనాలు మాత్రం పెడతాం. పాటకచేరీ తీసేసి ఆ డబ్బు తొట్టికి ఇస్తాం. మొక్కలు కార్తీకంలో. నేను గెలిచానా ఓడానా తెలీదు గానీ, అన్నా, నువ్వు భోజనాలకు రావాలి.

దుర్గంనీడ:
వస్తా. భోజనాల దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టు. తినిపోయే ప్రతి ఇంటివాళ్ళూ అందులో ఫిబ్రవరిలో లైను చెక్కడానికి వచ్చే ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు రాయాలి. మొదటి పేరు నాది రాసుకో.

మంటకాపలా:
రెండో పేరు ఆ ముసలాయనది రాయండి. ఆయన ఫోన్‌లో నా నంబరు నిన్న నేనే ఎక్కించా. అక్షరాలు కనపడవని ఒక అంకె నొక్కి పట్టుకుంటే నాకు ఫోన్ పోయేటట్టు పెట్టా. రెండుసార్లు నొక్కి చూశాడు, మోగింది.

బోదగడ్డి:
తొట్టి ఎక్కడ కడతారో ముందు చెప్పండి, తర్వాత నా పేరు రాస్తా.