అప్‌డేట్: ఐదారు రోజులకే బ్యాటరీలు అయిపోతున్న సెన్సర్ నోడ్ల సమస్య తీరింది

తోటలో నేల తేమను కొలిచే మా టెలోస్‌బీ నోడ్లు (బ్యాటరీతో నడిచే చిన్న వైర్‌లెస్ సెన్సర్ పరికరాలు) ఐదారు రోజులకే ఆగిపోతున్నాయని, క్వెరీల (రీడింగులు అడిగే అభ్యర్థనల) మధ్య విరామాన్ని పెంచినా ఫలితం లేదని ఇక్కడ అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

రేడియోను అనుమానించమన్న సూచనే సరైనది. మా ప్రయోగశాల ఇంజనీరు మల్టీమీటరు పెట్టి చూడగా, ఏమీ పంపని సమయంలో కూడా నోడ్ దాదాపు 19 మిల్లీఆంపియర్లు తీసుకుంటోందని తేలింది. ఇందులోని సీసీ2420 రేడియోకు వినడానికి 18.8, పూర్తి శక్తితో పంపడానికి 17.4 మిల్లీఆంపియర్లు కావాలి కనుక, ఊరికే వింటూ ఉండటానికి పంపడానికన్నా ఎక్కువ ఖర్చవుతుంది. 2,500 మిల్లీఆంపియర్ అవర్ల బ్యాటరీలకు లెక్క వేస్తే సుమారు ఐదున్నర రోజులే వస్తాయి. నోడ్ల ఆపరేటింగ్ సిస్టమ్ టైనీఓఎస్‌లోని లో పవర్ లిజనింగ్‌ను (రేడియోను నిద్రపుచ్చి, మధ్యమధ్య మాత్రమే మేలుకుని వినేలా చేసే సౌకర్యాన్ని) ప్రోగ్రామును కంపైల్ చేసేటప్పుడు నేను చేర్చనేలేదు. దాన్ని చేర్చి, రేడియో మేలుకునే విరామాన్ని 512 మిల్లీసెకన్లుగా పెట్టాక, ఏడు వారాలు గడిచినా అవే బ్యాటరీలతో నోడ్లు పనిచేస్తున్నాయి.

రీడింగులన్నిటినీ విడివిడిగా పంపకుండా, వాటి సగటును దారిలోని నోడ్లలోనే లెక్కించమన్న మరో సూచన ఆ తరువాతే పనికివచ్చింది: ప్రతి నోడ్ తన కింది నోడ్ల విలువల మొత్తాన్నీ, వాటి సంఖ్యనూ కలిపి ఒకే ప్యాకెట్‌గా పైకి పంపుతోంది. మధ్యగతానికి (విలువలను వరుసలో పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేదానికి) మాత్రం ఈ పద్ధతి కుదరదు. నేను మొదట అనుమానించిన యాంటెన్నాకూ, తేమ సెన్సర్‌కూ ఈ సమస్యతో సంబంధం లేదు.