బట్టల కొట్లో రోజంతా నిలబడతా, నీళ్ళు తాగాలంటే భయం. ఏం చెయ్యాలి?

పద్మ, నెల్లూరు:
ట్రంకురోడ్డు పక్కన ఒక బట్టల కొట్లో చీరల సెక్షన్‌లో చేస్తన్నా. పొద్దున పదికి పోతే రాత్రి తొమ్మిదిన్నరకి బయటపడేది. బాత్‌రూము మూడో అంతస్తులో ఒకటే, మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ అదే. బేరం నడిచేటప్పుడు పోయొస్తానంటే సూపర్‌వైజర్ మొహం చిట్లిస్తాడు. అందుకని ఇంటికాడ టీ తాగి బయల్దేరతా, మధ్యాన్నం అన్నంలోకి అరగ్లాసు నీళ్ళు, అంతే. ఆషాఢం సేల్‌లో అదీ ఉండదు. సీసా నిండా తెచ్చుకుంటా, నిండుగానే ఇంటికి మోసుకుపోతా.

మూడు నెల్లలో రెండుసార్లు మూత్రంలో మంట వచ్చింది. బిళ్ళలు వాడితే తగ్గింది. డాక్టరమ్మ నీళ్ళు బాగా తాగమంది. తాగాలని నాకూ తెలుసు. తాగితే పోవాలి కదా! నాలాగా నిలబడి చేసేవాళ్ళు ఎట్టా నెట్టుకొస్తన్నారో చెప్పండి.

కోవూరు పెద్దమ్మ:
పద్మా, నేను ఏఎన్నెమ్‌గా చేసి రిటైరయినా. కొట్లలో చేసే ఆడపిల్లలు ఎంతోమంది ఇదే బాధ చెప్పేవాళ్ళు. మూత్రం పోసినప్పుడల్లా లోపల చేరిన క్రిములు కొట్టుకుపోతాయి. నువ్వు తాగకుండా, పైగా ఆపుకుంటా ఉంటే అవి అక్కడే పెరుగుతాయి. 2018లో ఒక పరిశోధన వచ్చింది. మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తా, రోజుకి లీటరున్నర కంటే తక్కువ తాగే 140 మంది ఆడవాళ్ళని తీసుకున్నారు. సగం మంది చేత రోజూ ఇంకో లీటరున్నర నీళ్ళు తాగించారు. ఏడాదిలో వాళ్ళకి సగటున 1.7 సార్లు వస్తే, మిగతావాళ్ళకి 3.2 సార్లు వచ్చింది. మామూలు నీళ్ళే అమ్మా, మందు కాదు.

లేవంగానే రెండు గ్లాసులు తాగు, బయల్దేరే ముందు పోయిరా. కొట్లో గటగటా తాగబాక, గంటకోసారి నాలుగు గుక్కలు. మూత్రం లేత పసుపుగా ఉంటే చాలు, ముదురు రంగయితే నీళ్ళు చాలలేదని. చలిజ్వరం, నడుం పక్కన పోటు వస్తే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి పో. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు డాక్టరు చెప్పిన కొలత దాటగూడదు.

కనిగిరి నుంచి:
మా వైపు వాళ్ళు కూడా చదువుతుంటారు గనక ఒక్క మాట. మా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, అది పళ్ళనీ ఎముకల్నీ పాడుచేస్తుంది. ఆ నీళ్ళు కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఏ నీళ్ళు తాగుతున్నారో ముందు చూసుకోండి.

సుజాత, ఒంగోలు:
పద్మక్కా, మాదీ ఇదే బతుకు. ఒక్కదాన్నే అడిగితే తిట్టారు. ఏడుగురం కలిసి ఓనరమ్మ దగ్గరికి పోయాం. మంట వచ్చి ఇద్దరం సెలవు పెట్టిన సంగతి చెప్పాం. ఇప్పుడు వంతులు పెట్టుకున్నాం: ఒకరు పోతే పక్క కౌంటరు పిల్ల చూసుకుంటది. తలుపుకి గడి కూడా పెట్టించారు. నువ్వు ఒంటరిగా అడగబాక.

పద్మ, నెల్లూరు:
పెద్దమ్మా, సుజాతా, నిన్న మా సెక్షన్ పిల్లలు నలుగురితో మాట్లాడా. ముగ్గురికి మంట ఉందంట, ఇన్నాళ్ళూ ఒకరికొకరం చెప్పుకోలేదు. సోమవారం కలిసి అడగబోతున్నాం. ఈరోజు నాలుగింటికి పోయొచ్చా. ఇంటికొచ్చి చూస్తే సీసాలో నాలుగు వేళ్ళ నీళ్ళే మిగిలాయి.