‘లై’ అంటే బూడిద నీళ్ళా, కాస్టిక్ సోడానా?

శబ్దాలపెట్టె: ఇంట్లో సబ్బు చేసుకోవడం మీద ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తూ, నూనెని సబ్బుగా మార్చే ‘లై’ని ‘బూడిద నీళ్ళు’ అని రాశాను. ఇక్కడొకరు తప్పన్నారు. ఎలా తప్పు? జర్మన్‌లో దీన్ని ఇప్పటికీ ‘లౌగె’ అంటారు. మూలధాతువుకి కడగడం అని అర్థం, లాటిన్ ‘లవారే’ దీనికి చుట్టమే. ఐస్‌లాండ్ వాళ్ళ శనివారం పేరుకి అర్థం స్నానాల రోజు, అందులో ఉన్నదీ ఈ ధాతువే. కట్టెల బూడిదలో నీళ్ళు పోసి వడకట్టిన తేటకే ఆ పేరు.

వంకాయబజ్జీ: తప్పన్నది నేనే. అమెరికాలో కొట్టుకెళ్ళి లై అడిగితే తెల్లటి పలుకుల డబ్బా ఇస్తారు. మీద సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా, అని ఉంటుంది. బూడిద ఎవడూ ఇవ్వడు.

శబ్దాలపెట్టె: కొట్లో ఏం అమ్ముతున్నారన్నది వేరే సంగతి. ఆ తేటని ఇనప కుండల్లో ఇగర్చితే మిగిలేది ‘పాటాష్’, అంటే కుండ బూడిద. 1790లో అమెరికా ఇచ్చిన మొదటి పేటెంట్ దీని తయారీకే, శామ్యూల్ హాప్‌కిన్స్‌కి. 1807లో ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త డేవీ ఇందులోంచి తీసిన లోహమే పొటాషియం. మీ సోడియం ఎక్కడుంది?

మూడోబెంచీ: ఆల్కలీ, అంటే క్షారం, ఆ మాట కూడా అరబ్బీలో బూడిదేనండోయ్.

ల్యాబ్‌కోటు: ఇద్దరూ కార్బొనేట్ సంగతి మరిచారు. బూడిద తేటలో ఎక్కువగా ఉండేది పొటాషియం కార్బొనేట్. దానికి తడి సున్నం కలిపితే సుద్ద అడుక్కి దిగి, పైన పొటాషియం హైడ్రాక్సైడ్ మిగులుతుంది. ఒళ్ళు తినేసేది అదీ. సుశ్రుతుడు కూడా క్షారంలో కాల్చిన సున్నపురాయి వేయమన్నాడు.

వంకాయబజ్జీ: సరే, నా గోడు వినండి. ఆన్‌లైన్‌లో లై అని ఆర్డరిస్తే పొటాషియం హైడ్రాక్సైడ్ పంపారు. కొబ్బరినూనె అంతా దాంట్లో పోశాక సబ్బు గట్టిపడదే! హల్వాలా ఉండిపోయింది. డబ్బులు వెనక్కివ్వలేదు.

శబ్దాలపెట్టె: అంటే లై అంటే సోడా ఒక్కటే కాదని మీరే రుజువు చేశారు. ధన్యవాదాలు.

వంకాయబజ్జీ: మీ ధాతువులు మీ దగ్గరే పెట్టుకోండి సార్! మా ఆడపడుచు మీ వ్యాసమే చదివింది. గ్రాముల్లో తూకం చూసి, ఇంగ్లీషు పేరు వెతికి డబ్బా కొంది. బూడిద నీళ్ళే కదా అని తొడుగుల్లేకుండా, గిన్నెలో పలుకులు వేసి పైన నీళ్ళు పోసింది. ఎప్పుడూ నీళ్ళలోకి పలుకులు కొంచెంకొంచెంగా వేయాలి గానీ, ఇలా పోయకూడదు. కుతకుతలాడి మణికట్టు మీద చిందింది. ఇంకా మచ్చ ఉంది. బూడిద నీళ్ళంటే తెలుగువాళ్ళకి అంట్లు తోముకునేవి, భయపడేవి కావు.

శబ్దాలపెట్టె: జాగ్రత్త అని రాశాను, నాలుగో పేరాలో. ఆమెకి తగిలినందుకు బాధే. కానీ ప్రతి మాటకీ లిపి మార్చి వదిలేస్తే తెలుగులో రాయడం దేనికి? నా పట్టుదల అక్కడ.

వంకాయబజ్జీ: మీకు భాష ముఖ్యం. నాకు చెయ్యి.

మూడోబెంచీ: క్షారద్రావణం అనొచ్చుగా?

ల్యాబ్‌కోటు: అది డబ్బాలో దొరకదు. ‘కాస్టిక్ సోడా’ అని రాస్తే మన ఊళ్ళో హార్డ్‌వేర్ కొట్టువాడికీ తెలుస్తుంది.

వంకాయబజ్జీ: విన్నారా? ఈ రాత్రికే మారుస్తారా లేదా?

శబ్దాలపెట్టె: ముందు లాటిన్ చుట్టరికం ఒప్పుకున్నట్టేనా, అది చెప్పండి.